నాలుగో గడి

"ఆదివారం పొద్దున ఎనిమిదికి బతికే ఉంది. ఇవాళ పదికి చూస్తే చచ్చి ఉంది," అన్నారు మాస్టారు.

పెరట్లో చావు అంటే ఎవరైనా మనిషి కోసం వెతుకుతారు. మాస్టారు నాకు చూపించింది ఒక నల్ల రేకు. పాత కారు పైకప్పులోంచి నలుచదరంగా కోయించి, నాలుగు కాళ్ల ఇనుప స్టాండు మీద పరిచారు. దాని మీద సన్నటి టేపు గీతలతో ఆరు గడులు, గోడ వైపు మూడు, గేటు వైపు మూడు. గడి మీద అంకె లేదు, పేరు లేదు. ఏ గడిలో ఎవరి కోటింగ్, అంటే కారు రంగు మీద నీళ్లు నిలవకుండా రాసే లేపనం, ఉందో మాస్టారి నోటుబుక్కుకే తెలియాలి. ఆరు నెలలుగా ఎండా వానా దుమ్మూ ఆరింటి మీదా కలిసే పడ్డాయి. కారును ఇంట్లో తామే కడుక్కునే వాళ్లు ఏ సీసా కొనాలో తేల్చుకోవడానికి ఈయన మాట కోసం ఎదురుచూస్తారు. రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఎవరి దగ్గరా ఊరికే ఒక సీసా కూడా పుచ్చుకోరు. మార్కెట్లో ఆయన మాటకు అంత గిరాకీ ఉండటానికి కారణం అదే.

మాస్టారు స్ప్రే బుడ్డితో రేకంతా నీళ్లు కొట్టారు. ఐదు గడుల మీద నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా లేచి, దొర్లి, అంచు దాటి పడిపోయాయి. గోడ వైపు కుడి మూల గడి మీద మాత్రం తడి గుడ్డ పరిచినట్టు బల్లపరుపుగా పడుకున్నాయి. అలా పడుకుంటే కోటింగ్ చచ్చినట్టే.

"అదే నాలుగు," అన్నారు మాస్టారు. "పోయిన ఆదివారం వరకు మొదటి స్థానం దానిదే. ఇరవై ఆరు ఆదివారాల్లో ఇరవై రెండు సార్లు అదే ముందు."

"ఆ సంగతి తయారుచేసిన వాళ్లకు తెలుసా?"

"ఎవరికీ చెప్పను. చెబితే పరీక్ష ఎందుకు?"

నాలుగో నంబరు తయారుచేసిన మనిషే నా కక్షిదారు. వ్యాపారంలో అందరూ ఆమెను లేపనం అక్క అంటారు. రేకుల షెడ్డులో ఐదుగురు ఆడవాళ్లను పెట్టుకుని పదకొండేళ్లుగా కారు కోటింగ్ తయారుచేస్తోంది. సాయంత్రం నాలుగింటికి మాస్టారి రిపోర్టు ఒక పెద్ద దుకాణాల సంస్థకు వెళ్తుంది. మొదటి స్థానంలో ఉన్న సీసా వాళ్ల అరల్లోకి ఎక్కుతుంది. ఎక్కకపోతే ఈ నెలాఖరుకు షెడ్డు తలుపు మూయడమేనని పదకొండింటికి ఫోనులో చెప్పింది.

"మా చెల్లెలే చేసిందండీ," అంది ఏ ముందుమాటా లేకుండా. "దానిది మూడో నంబరు. మీరు రుజువు పట్టుకోండి చాలు."

"అంత పగ దేనికమ్మా?"

"మా నాన్నకు పాలిష్ కార్ఖానా ఉండేది. పోతూ పోతూ నాకు ఖాళీ డబ్బాలిచ్చాడు. దానికి తన చేయే ఇచ్చాడు. ఏది ఎంత కలపాలో పక్కన కూర్చోబెట్టుకుని దానికే నేర్పాడు. ఇన్నేళ్లు డబ్బాలతోనే నేను నిలబడ్డాను. అది చూడలేకపోతోంది."

ఎవరు ఎవరిని చూడలేకపోతున్నారో ఆ గొంతులోనే కొంత వినబడింది. కానీ కడుపుమంట విషయంలో నేను ఎవరికీ తీర్పు చెప్పే స్థితిలో లేను. ఎందుకంటే వరండా మెట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని మా తోడల్లుడు కూర్చుని ఉన్నాడు.

ఇరవై రెండేళ్లు నేను కార్ల రంగులు, పాలిష్‌లు అమ్మాను. కొనేవాడి మొహం చూసి వాడు దాస్తున్నదేమిటో చెప్పగలగడం అక్కడ వచ్చిన విద్య. దాంతోనే ఈ పరిశోధన పనిలోకి దిగాను. నా భార్య చెల్లెల్ని చేసుకున్నవాడికి ఆ విద్యలో మొదటి మెట్టు నేర్పింది కూడా నేనే. రెండేళ్లలో వాడు లైసెన్సు తెచ్చుకున్నాడు, పెద్ద సంస్థల పనులు పట్టాడు. అత్తగారింట్లో ఫ్యాను కింద కుర్చీ ఒకప్పుడు నాది. ఇప్పుడు చిన్నల్లుడు వచ్చేదాకా అది ఖాళీగా ఉంటుంది. గేటు బయట వాడి తెల్ల కారు నిలబెట్టి ఉంది. కొత్త సిరామిక్ కోటింగ్. దుమ్ము కూడా దాని మీద నిలవదు, నా చూపు మాత్రం నిలిచింది.

"రా అన్నయ్యా," అన్నాడు లేవకుండా. దుకాణాల సంస్థ తరఫున పొద్దుటి పరీక్షకు సాక్షి వాడే. "ఆలస్యంగా వచ్చావు. పోస్ట్‌మార్టం అయిపోయింది."

"శవం ఇంకా ఇక్కడే ఉందిగా తమ్ముడూ. నేనూ ఓసారి చూస్తా."

"చూడు, ఎవరొద్దన్నారు? మెరుపు కొలిచే మీటరు పెట్టి చూశాను. ఆదివారం తొంభై ఒకటి. ఇవాళా తొంభై ఒకటే. ఎవరైనా పాలిష్‌తో రుద్ది ఊడదీసి ఉంటే మెరుపు మారేది, గీతలు పడేవి. ఏమీ లేవు. ఎవరూ ముట్టుకోలేదు. సరుకే చచ్చింది. రిపోర్టు టైపు కూడా చేశాను."

"ఆరు నెలలు అందరికంటే ముందున్నది ఆరు రోజుల్లో దానంతటదే పోయిందా?"

"గుండెపోటు అనుకో," అని నవ్వాడు. "నీ కాలంలో మీటర్లు లేవు కదా, నమ్మడం కష్టమే."

వాడి మీటరు నాకంటే ఎక్కువ సంపాదిస్తుందన్న సంగతి వాడికీ తెలుసు. నేను గడియారం చూశాను. ఒకటీ నలభై.

ఈ ఆరు రోజుల్లో పెరట్లోకి ఎవరు రాగలరు? పెరటి చుట్టూ మనిషెత్తు గోడ. ఇనుప గేటుకు తాళం. తాళంచెవి వంటింటి తలుపు వెనక మేకుకు ఉంటుంది. కోటింగ్ రాసిన మొదటి రోజు తప్ప, తయారుచేసిన వాళ్లెవరూ పెరట్లో కాలు పెట్టకూడదన్నది మాస్టారి నియమం. గురువారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆయన కంటి డాక్టరు దగ్గర ఉన్నారు. ఇంట్లో ఉన్నది కోడలు ఒక్కతే. ఆమె పై గదిలో కూర్చుని పిల్లలకు ఫోను మీద లెక్కలు చెబుతుంది.

"గురువారం ఎవరొచ్చారమ్మా?"

"అక్కాచెల్లెళ్లిద్దరే వచ్చారండీ. ఫారాల మీద సంతకాలు పెట్టడానికి మామయ్యగారే రమ్మన్నారు. మిగతా నలుగురూ బుధవారమే పెట్టేశారు." ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. "పెద్దావిడ పదకొండూ ఇరవైకి వచ్చింది. అప్పటికే నా క్లాసు మొదలైంది. ఫారం బల్ల మీద ఉంది, చదువుకుని సంతకం పెట్టండి అని చెప్పి పైకెళ్లిపోయాను. పన్నెండుకి దిగేసరికి ఆవిడ లేదు, సంతకం ఉంది."

"చిన్నావిడ?"

"పన్నెండుంబావుకి. స్కూటరు ఆపకుండానే వాకిట్లో నిలబడి సంతకం పెట్టింది. మంచినీళ్లిస్తే తాగింది. ఐదు నిమిషాలు కూడా లేదు. నేను పక్కనే ఉన్నా. పోతూ పోతూ, అక్క వచ్చి వెళ్లిందా, బాగుందా అని అడిగింది."

"పెద్దావిడ ఏమైనా అడిగిందా?"

"వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చా అని అడిగింది."

నేను పెరట్లోకి తిరిగొచ్చాను. తోడల్లుడు నా వెనకే వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. దుకాణంలో బేరం ఆడకుండా ఊరికే చూసి పోయేవాళ్లు అలాగే నిలబడతారు.

పొద్దుట్నుంచీ మబ్బు పట్టి రేకు చల్లగానే ఉంది. ముందు గడి గడికీ వంగి నోటితో ఆవిరి ఊదాను. ఐదు గడుల మీద తెల్లటి మసక పట్టి మెల్లగా పోయింది. మిగిలిన ఒకటి, గోడ వైపు కుడి మూలది, మసక పట్టనే లేదు. అద్దంలా అలాగే ఉంది.

"ఏం చేస్తున్నావు, రేకుకు ప్రాణం పోస్తున్నావా?"

"వానాకాలంలో కారు అద్దం లోపల ఆవిరి పడితే ఏం రాస్తావు తమ్ముడూ?"

వాడి నవ్వు కొంచెం తగ్గింది.

"అద్దానికి ఆవిరి పట్టకుండా రాసే ద్రవం," అన్నాను. "నీళ్లలా ఉంటుంది, రంగు ఉండదు, వాసన నిమిషంలో పోతుంది. అది రాసిన చోట నీళ్లు ముత్యం కట్టవు, పొరలా పరుచుకుంటాయి. నువ్వు ఊడదీశారా లేదా అని చూశావు. కప్పారేమో అని చూడలేదు. మెరుపు మారలేదంటే కింద సరుకు క్షేమంగా ఉందని అర్థం. నీ మీటరు నిజమే చెప్పింది. నువ్వే దానితో అబద్ధం చెప్పించావు."

మాస్టారిని అడిగి, మెత్తటి గుడ్డకు కొంచెం స్పిరిట్ తడిపి, ఆ గడిలో సగమే తుడిచాను. ఆరనిచ్చి నీళ్లు కొట్టాను. తుడవని సగంలో నీళ్లు పడుకున్నాయి. తుడిచిన సగంలో గింజల్లా లేచి నిలబడ్డాయి, మిగతా ఐదు గడులకంటే గుండ్రంగా, బిగువుగా.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తోడల్లుడు రెండడుగులు ముందుకొచ్చి వేలితో తాకి చూశాడు. ఆ నిమిషం నాకు కలిగిన సుఖం నేను దాచను. ఏళ్లుగా లోపల మండుతున్న చోట ఎవరో చల్లటి చేయి వేసినట్టుంది.

వాడు తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "సరే, ఎవరో రాశారు. ఎవరు? పేరు లేని నేరం నా రిపోర్టులో ఎక్కదు అన్నయ్యా. నువ్వు తుడిచిన గుడ్డలోనే ఏదో కలిపి తెచ్చావని అవతలి వాళ్లు అంటే ఏం చెబుతావు? నాలుగింటికల్లా పేరు చెప్పు. లేదంటే సరుకు చచ్చిందనే వెళ్తుంది."

"అతను చెప్పేదీ న్యాయమే," అన్నారు మాస్టారు. "చేసింది ఎవరో తేలితే నాలుగో గడికి దాని మార్కులు దానికి వేస్తాను. ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. పరీక్షలో చెయ్యి పెట్టింది వీళ్లలో ఎవరైనా సరే, వాళ్ల సీసా మళ్లీ నా రేకు ఎక్కదు. ఈ రిపోర్టులోంచి కూడా తీసేస్తాను."

రెండూ యాభై ఐదు.

గడి అంచులు భూతద్దంతో చూశాను. పాత టేపు గీత పక్కనే వెంట్రుకవాసి వెడల్పున శుభ్రమైన చార. ఎవరో పక్క గడి మీద చుక్క పడకుండా కొత్త టేపు వేసి, పని అయ్యాక తీసేశారు. పాడుచేయడానికి వచ్చి కూడా పక్కవాళ్ల సరుకు కాపాడారు. బయటి మనిషి ఈ పని చేయడు. ఏళ్ల తరబడి కార్లకు రాసి రాసి చేతికి అలవాటైపోయిన మనిషి, టేపు వేయకుండా గుడ్డ ఎత్తలేడు.

మాస్టారు చేసే పని కాదు. ఒక గడిని ఓడించాలంటే ఆయనకు పెన్ను చాలు, గుడ్డ అక్కర్లేదు. మరి సమయం ఎంత పడుతుంది? నా కారు డిక్కీలో ఆ ద్రవం సీసా ఒకటి మిగిలి ఉంటే తెచ్చి, వాకిట్లో ఒక పాత డబ్బా మూత మీద కోటింగ్ రాసి ఉన్న చోట ప్రయత్నించాను. కోటింగ్ మీద అది ఒక పట్టాన అంటదు. మూడుసార్లు రాయాలి, ప్రతిసారీ ఆరాలి, చివర్లో చార కనబడకుండా తుడవాలి. టేపు వేసి తీయడంతో కలిపి పద్దెనిమిది నిమిషాలు.

వాకిట్లో ఐదు నిమిషాలు నిలబడిన చెల్లెలికి ఇది కుదిరే పని కాదు. నలభై నిమిషాలు ఒంటరిగా ఉన్నది అక్క. కానీ తన సరుకును తానే ఎందుకు చంపుకుంటుంది? ఎంత కలిపినా లెక్క కుదరలేదు. ద్రవం చుక్క ఏమైనా కిందికి కారిందేమోనని స్టాండు కింద పడుకుని పైకి చూశాను. కారలేదు. రేకు అడుగున ఒక మూల మాత్రం చిన్న ఎర్ర చుక్క కనబడింది. గోళ్ల రంగు.

"మాస్టారూ, ఈ చుక్క ఏమిటి?"

"అదా, గుర్తు. మధ్యాహ్నం ఎండ గోడ వైపుకే కొడుతుంది. ఆరింటికీ ఎండ సమంగా పడాలి కదా? రెండు వారాలకోసారి రేకును ఎత్తి అటూ ఇటూ మార్చి పెడతాను. గోడ వైపున్నది గేటు వైపుకు, కుడిది ఎడమకు. తికమక పడకుండా చుక్క."

"చివరిసారి ఎప్పుడు మార్చారు?"

"పోయిన ఆదివారమే. మార్చినప్పుడల్లా నోటుబుక్కులో రాస్తాను."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా కోడలికి. ఒక్కడినే ఎత్తలేను."

నేను స్టాండు కింద నుంచి లేచి ఆ నోటుబుక్కు అడిగి తీసుకున్నాను.

మూడూ ముప్పై ఐదుకు లేపనం అక్క వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో ఫైలు, గోళ్ల కింద ఎంత కడిగినా పోని మైనం. పరీక్ష ముగిసింది కాబట్టి మాస్టారు లోపలికి రానిచ్చారు. ఆయనా తోడల్లుడూ వరండాలో ఉన్నారు. పెరట్లో మేమిద్దరమే.

"దొరికిందా?" అంది.

"మీ సరుకు బతికే ఉంది. పైన ఏదో రాసి కప్పారు, అంతే. తుడిస్తే వచ్చేసింది."

ఆమె కళ్లు ఒక్కసారి నిండాయి. నాటకం కాదు. "నే చెప్పలేదూ? దాని పనే."

"మొదటి రోజు మీ కోటింగ్ మీరే రాశారు కదా. మీ గడి ఏదో చూపించండి."

క్షణం కూడా ఆలోచించకుండా గేటు వైపు ఎడమ మూలకు వేలు పెట్టింది. "ఇదే. నా చేత్తో రాసింది నేను మర్చిపోతానా?"

"అది మీ చెల్లెలిదమ్మా."

తెలియని మనిషయితే, మరి నాది ఏది అని అడగాలి. ఆమె అడగలేదు. ఆమె చూపు రేకంతా దాటి, నేరుగా గోడ వైపు కుడి మూల గడి మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. నేను దాన్ని ఇంకా చూపించనే లేదు.

ఎండకోసం రేకు ఎలా మార్చి పెడతారో చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె నా మొహం చూడలేదు.

"మొదటి రోజు చెల్లెలు ఎక్కడ రాసిందో మీరు చూశారు. గురువారం అదే చెల్లెలి గడి అనుకుని మీ గడికే రాసుకున్నారు. ఇవాళ నాలుగు చచ్చింది, మూడు బతికింది అని ఈ ఇంటి నుంచి ఫోను రాగానే, మీరు చేసిన పనే ఆమె కూడా చేసిందనుకున్నారు. అందుకే నిజంగా కోపం వచ్చింది. నిజంగా కోపం వచ్చింది కాబట్టే నేనూ నమ్మాను."

ఆమె ఫైలు స్టాండు అంచున పెట్టింది. "ఎవరికీ తెలియదు కదా ఇంకా?"

"ఇంకా తెలియదు."

"పొరపాటున నాదే పాడయింది. నష్టపోయింది నేనే. దానికి పోయిందేముంది?"

"గురువారం మీరు ఇంట్లో కూర్చుని ఉంటే చాలమ్మా. ఇరవై రెండు ఆదివారాలు మీదే మొదటి స్థానం."

ఆమె తల ఎత్తింది. సంతోషమో ఏడుపో నాకు అర్థం కాలేదు. మరుక్షణం గొంతు తగ్గించి అడిగింది.

"చెల్లిది?"

మాస్టారి నోటుబుక్కు నేను చూశాను. "ఐదో స్థానం."

"అబద్ధం," అంది. "దానికి నాన్న చేయి వచ్చింది."

అప్పుడే గేటు బయట స్కూటరు ఆగింది. చెల్లెలు హెల్మెట్ చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో లోపలికొచ్చింది. ఆమె వెనక మాస్టారు, లాప్‌టాప్ పట్టుకుని మా తోడల్లుడు. మూడూ యాభై రెండు.

"అక్కా, నీది బతికే ఉందటగా," అంది చెల్లెలు ఆయాసపడుతూ. "కోడలుగారు ఫోన్ చేసి చెప్పింది. నాకు పొద్దుట్నుంచీ అన్నం దిగలేదు తెలుసా? నీది అంత త్వరగా పోయేది కాదని నేనంటూనే ఉన్నా."

అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత చెయ్యెత్తి చెల్లెలి మొహం మీదికి వేలు చూపించింది.

"రాసుకోండి. గురువారం పన్నెండుంబావుకి వచ్చింది ఈవిడే. ఈ పని చేసింది ఇదే. కావాలంటే ఆయన్ని అడగండి, అన్నీ పట్టుకున్నారు."

చెల్లెలు నవ్వబోయి ఆగింది. "నేనా? ఏంటక్కా, ఏమంటున్నావు?"

"పేరు చెప్పు అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. "ఆవిడ చెప్పిందే రాయనా? ఎనిమిది నిమిషాలుంది."

ఎనిమిది నిమిషాలు. అవునని ఒక్క మాట అంటే చాలు. నా కక్షిదారు సీసా అరలోకి ఎక్కుతుంది, ఐదుగురు ఆడవాళ్లకు పని నిలుస్తుంది, పొద్దున్నే తప్పు రిపోర్టు టైపు చేసినవాడిగా మా తోడల్లుడు మిగులుతాడు, నేను గెలుస్తాను. పోయేది ఐదో స్థానంలో ఉన్న ఒక సీసా. లాభం ఒకవైపు ఇంతగా కుప్పపడిన బేరం నేను జన్మలో చూడలేదు. కానీ ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను ఖాళీ డబ్బాకు మూత బిగించి అమ్మలేదు.

"రాయకు," అన్నాను. "నీ సాక్షి ఫారం ఇలా ఇవ్వు. పెన్ను కూడా."

సాక్షి సంతకం పైన, బాధ్యులు అన్న చోట, నా కక్షిదారు పేరు నేనే రాశాను. కింద పదకొండూ ఇరవై నుంచి పన్నెండు అని వేళ కూడా వేశాను. తోడల్లుడు అది చదివి, మళ్లీ చదివి, నా వైపు చూశాడు. ఎగతాళి చేయడానికి వాడికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. వాడు కాగితం మాస్టారికి అందించాడు. మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, రిపోర్టులో నాలుగో వరుస మీద అడ్డంగా గీత గీశారు.

చెల్లెలు ఆ కాగితం చూసింది, ఆ మూల గడి చూసింది, చివరికి అక్క గోళ్లు చూసింది.

"అక్కా, ఎందుకు?" అంది.

లేపనం అక్క ఫైలు తీసుకుంది. చీర కొంగు సర్దుకుంది. గేటు దాకా నడిచి అక్కడ ఆగి, చెల్లెలి వైపు తిరిగింది.

"నీది ఐదోదట," అంది.